ఉప్పు లేని ముద్ద

జూలో ఎలుగుబంటిని చూసుకునే ఆయనకి పుట్టినప్పుడు పెట్టిన పేరొకటి ఉండేది గానీ, ఆ పేరుతో పిలిచే నాథుడు లేక అది ఎప్పుడో మూలన పడింది. తోటి పనివాళ్లందరికీ ఆయన ఎలుగు బావ. కొత్తగా వచ్చిన అధికారులు కొన్నాళ్లు మర్యాదగా 'ఏమండీ' అనేవాళ్లు, ఆ తర్వాత వాళ్లూ ఎలుగు బావ అనేవాళ్లే. ఆ పిలుపు వింటే ఆయన భార్య ఒంటికాలి మీద లేచేది. ఆయన ఎలుగుకి బావ అయితే తను దానికి ఏమవుతుందో చెప్పమని అడిగేది. న్యాయమైన ప్రశ్నే. ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ ఎలుగుబంటి కళ్లు సరిగ్గా తెరవని పిల్లగా ఉన్నప్పుడు గోనెసంచిలో వచ్చింది. తల్లి ఏమైందో తీసుకొచ్చినవాళ్లకీ తెలియదు. అప్పటికి ఆయనకి పిల్లల్లేరు. సీసాతో పాలు పట్టి, ఒళ్లో పడుకోబెట్టుకుని, దానికి పెద్దమ్మాయి అని పేరు పెట్టాడు. తర్వాత కొన్నాళ్లకి భార్య ఆడపిల్లని కంటే ఆ పిల్ల చిన్నమ్మాయి అయింది. ఇందులో జనం నవ్వడానికి ఏముందో ఆయనకి బోధపడేది కాదు. ముందొచ్చింది పెద్దది, వెనకొచ్చింది చిన్నది, అంతేగా!

మధ్యాహ్నం సందర్శకులు నీడకి చేరాక ఆయన బోను వెనకున్న గదిలో కూర్చుని క్యారేజీ విప్పేవాడు. ఆ గదికి ఒకవైపు గోడ బదులు ఇనప ఊచలుంటాయి. ఊచల అవతల పెద్దమ్మాయి అప్పటికే వచ్చి చతికిలబడి, వడ్డన ఆలస్యమైన చుట్టంలా గుర్రుగా చూస్తూ ఉండేది. ఒక ముద్ద ఆయన నోట్లోకి, ఒక ముద్ద ఊచల సందులోంచి దాని పెదవుల్లోకి. అది పెదవులు ముందుకి చాచి, అరచేతిలో మెతుకు మిగలకుండా అందుకునేది. ఇన్నేళ్లలో దాని పన్ను ఆయన వేలికి తగిలింది లేదు.

చిన్నమ్మాయి చిన్నగా ఉన్నన్నాళ్లూ గిన్నె అడుగున ఒక్క ముద్ద మాత్రం మిగిల్చి మూత పెట్టేవాడు. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే చిన్నమ్మాయి వచ్చి క్యారేజీ లాక్కునేది.

"పెద్దమ్మాయి ఏం పంపింది నాన్నా?"

"నీ వాటా పంపింది."

ప్రపంచంలో చాలామంది తండ్రులు క్యారేజీలో మిగిలిన ముద్దని కుందేలు ఇచ్చిందనో పిచ్చుక పంపిందనో చెప్పి పిల్లల చేత తినిపిస్తారు. ఆయనకి ఆ అబద్ధం ఆడాల్సిన పని లేకపోయింది.

ఈ ముచ్చటలో నష్టపోయింది ఒక్క ఇల్లాలే. ఎలుగుబంటికి ఉప్పు మంచిది కాదని వెనకటి పశువుల డాక్టరెవరో చెప్పడంతో క్యారేజీలోకి వెళ్లే వంటంతా చప్పగానే ఉండేది. "ఊళ్లో అందరూ మొగుడికి వండుతారు, నేను మృగానికి వండుతున్నాను" అని ఆవిడ గిన్నెలు ఎత్తి పడేసేది. ఆ ముద్ద తిని తిని చిన్నమ్మాయి నాలుకకి కూడా చప్పిడే రుచి అయిపోయింది. పెళ్లయ్యాక మొదటిసారి తను వండిన కూర నోట్లో పెట్టుకుని అల్లుడు ఏమనాలో తెలియక కాసేపు నీళ్లు నమిలాడట.

ఇదంతా ఎంత చక్కగా సాగిపోయేదో! డాక్టరమ్మ పెంట అడిగిన రోజు నుంచి తల్లకిందులైంది.

డాక్టరమ్మ అంటే జూలో జంతువులకి వైద్యం చేసే ఆవిడ. వయసులో చిన్నది, ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. బోనుల్లో ఉండే జంతువుల పేగుల్లో ఎలాంటి సూక్ష్మజీవులున్నాయో, అవి ఏ మందుకి చస్తాయో, ఏ మందుకి చావవో చూడాలని ఒక ల్యాబుతో కలిసి పని పెట్టుకుంది. పొద్దున్నే పెంట వేడిగా ఉండగానే, నేల తగలని మధ్యభాగం నుంచి పుల్లతో కొంచెం తీసి, మూతున్న చిన్న సీసాలో పెట్టివ్వాలి. ఎవరి జంతువుది వాళ్లే.

"ఇన్నేళ్లూ ఎత్తి పారబొయ్యమన్నారు, ఇప్పుడేమో దాచిపెట్టి తెమ్మంటున్నారు. ఈ చదువులేంటో బావా!" అన్నాడు పులిని చూసుకునే అతను. ఎలుగు బావ మాత్రం ఆ పని శ్రద్ధగా చేశాడు. తన పెద్దమ్మాయి పెంట అందరిదానికన్నా శుభ్రంగా ఉంటుందని ఆయనకి గట్టి నమ్మకం.

ఫలితాలు వచ్చిన రోజు డాక్టరమ్మ బోను గదికి వచ్చి బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది.

"బాబాయ్, పెద్దమ్మాయి పేగుల్లో ఉన్న సూక్ష్మజీవులు చాలా మందులకి లొంగడం లేదు."

"దానికి ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"బాగానే ఉంది."

"మరి?"

"ఇప్పటికి బాగానే ఉంది. రేపు ఏ దెబ్బో తగిలి, ఆ పురుగే అందులో చేరి చీము పట్టిందనుకోండి. మన దగ్గరున్న మందులేవీ పనిచెయ్యవు."

ఆయన ఊచల అవతలికి చూశాడు. పెద్దమ్మాయి వెల్లకిలా పడుకుని కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని ఆడుకుంటోంది. ఇంత ఆరోగ్యంగా ఉన్నదానికి రోగం లేదట, రోగం వస్తే మందు లేదట. తల గోక్కున్నాడు.

"అది ఆ మందులు ఎన్నడూ తిన్నది కాదే! ఒకసారి పన్ను పీకినప్పుడు ఇచ్చారు, అంతే. మందు తిని తినీ అలవాటుపడి లొంగడం మానేశాయంటే అర్థముంది. తినకుండానే ఎలా అలవాటవుతుందమ్మా?"

"అక్కడే నాకూ అంతు చిక్కట్లేదు" అంది డాక్టరమ్మ. "అవి ఒకదాని నుంచి ఇంకోదానికి ఆ విద్య నేర్పుకుంటాయి. బయటి నుంచి వచ్చి ఉంటాయి. కాలవ నీళ్లలోంచి రావచ్చు, మేతలో కలిపే కోడి మాంసంలోంచి రావచ్చు, ఎలకల్లోంచి రావచ్చు. మన నుంచి కూడా రావచ్చు."

అంత చదువుకున్న మనిషే అంతు చిక్కట్లేదంటే తనలాంటివాడు ఎవర్ని అడగాలి? పైగా 'మన నుంచి కూడా' అన్న మాట చెవిలో జోరీగలా తిరగడం మొదలుపెట్టింది.

ఆ మాటకి తగ్గట్టే తర్వాత పనివాళ్ల వంతు వచ్చింది. వాళ్ల మలం కూడా చిన్న సీసాల్లో పెట్టివ్వాలట. జూ అంతా గగ్గోలు. పులిని చూసుకునే అతను సీసా కంటి ముందు పెట్టుకుని, "జీవితమంతా వాటిది మనం ఎత్తాం, ఇప్పుడు మనది ఎత్తే నాథుడొచ్చాడు" అని పడీపడీ నవ్వాడు. ఎలుగు బావ నవ్వలేదు. ఎవరికీ కనిపించకుండా సీసా చేతిగుడ్డలో చుట్టి ఇచ్చి వచ్చాడు.

ఈసారి డాక్టరమ్మ బకెట్టు మీద కూర్చోలేదు. గుమ్మంలోనే నిలబడింది.

"పెద్దమ్మాయిలో ఉన్న రకమే మీలోనూ ఉంది. మీరు దానికి చేత్తో ఏమైనా పెడతారా బాబాయ్?"

ఆయనకి దాచడం చేతకాదు. క్యారేజీ సంగతి చెప్పాడు. ఒకప్పుడు గిన్నె అడుగున మిగిల్చిన ముద్ద సంగతి మాత్రం నోటిదాకా వచ్చి ఎందుకో ఆగిపోయింది.

"నా నుంచి దానికొచ్చిందా, దాని నుంచి నాకొచ్చిందా?"

"చెప్పలేను."

"చెప్పలేరా, చెప్పరా?"

"నిజంగానే చెప్పలేను. రెండు ఇళ్లలో ఒకే రకం బియ్యం ఉంటే ఎవరు ఎవరికి ఇచ్చారని చెబుతాం?" అని, ఆవిడ గొంతు తగ్గించింది. "ఇకమీదట చేత్తో పెట్టకండి. జూ మేత తప్ప ఏమీ వద్దు. గ్లౌజులు వేసుకోండి, పొడవు కాడ గరిటెతో పెట్టండి, సబ్బుతో చేతులు కడుక్కోండి. అంతకుమించి భయపడాల్సింది లేదు."

చివరి వాక్యం ఒక్కటే ఆయన చెవికెక్కలేదు.

మర్నాటి నుంచి ఆయన క్యారేజీ పట్టుకుని గోడ వెనక్కి పోయి, అటు తిరిగి కూర్చుని తినేవాడు. ఊచల దగ్గర పెద్దమ్మాయి పెదవులు చాచి ఎదురుచూస్తోందని చూడకుండానే తెలిసేది. కాసేపటికి ఊచల సందులోంచి ముక్కుతో గాలి ఎగబీలుస్తున్న శబ్దం వినిపించేది. గరిటెతో మేత పెడితే వాసన చూసి, గరిటెని వదిలేసి, దాని వెనకున్న చేతి వైపు చూసేది. రబ్బరు తొడుక్కున్న ఆ చెయ్యి ఎవరిదో దానికి ఆనవాలు దొరకలేదు కాబోలు. మేతలో సగం అలాగే ఉండిపోయేది. బోను కడిగి, ఆ సగం ఎత్తి పారబోస్తుంటే ఆయనకి ఏడుపొచ్చేది. ఏం తప్పు చేసిందని దానికీ శిక్ష?

ఇంట్లో ఇల్లాలికి మాత్రం పండగే. ఎలుగుబంటికి పెట్టొద్దన్నారని వినగానే ఉప్పు డబ్బా ముందుకి జరిపింది. "ఇన్నాళ్లకి నా వంటకి మోక్షం వచ్చింది" అంది. ఆయన ఉప్పు వేసిన కూర తిని, బావుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు.

అంతలో చిన్నమ్మాయికి జ్వరం వచ్చింది.

అప్పటికి ఆ పిల్ల కడుపుతో ఉంది, ఇంకా నెలలు నిండలేదు. రెండు వీధుల అవతల ఉండే అల్లుడు భుజం పట్టి నడిపించుకుంటూ తీసుకొచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది, దంతాలు టకటకమంటున్నాయి, నడుం పక్కన చెయ్యి వెయ్యనివ్వడం లేదు. వీధి చివరి డాక్టరిచ్చిన మాత్రలు వేసుకుంటూనే ఉందట. ఒక్క పూట కూడా తగ్గలేదు. పెద్దాసుపత్రిలో చేర్చారు. మూత్రం పరీక్షకి పంపారు. ల్యాబు నుంచి కబురొచ్చాక, నిద్రలేక కళ్లు లోతుకుపోయిన ఆసుపత్రి డాక్టరు వరండాలోకి వచ్చి చెప్పాడు.

"ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా ఎక్కింది. మామూలు మందులకి లొంగని రకం. జ్వరం ఇలాగే ఉంటే తల్లికీ ప్రమాదం, లోపలున్న బిడ్డకీ ప్రమాదం. నొప్పులు ముందే మొదలైపోవచ్చు. ఒక్క మందు పనిచేస్తుందని ల్యాబువాళ్లు చెప్పారు. నరంలోకి ఎక్కిస్తున్నాం. చూద్దాం."

లొంగని రకం. అవే మాటలు. బెంచీ ఎక్కడుందో చూసుకోకుండానే కూలబడ్డాడు. గిన్నె అడుగున ముద్ద, పెద్దమ్మాయి తడి పెదవులు తగిలిన చెయ్యి, అదే చేత్తో కలిపి మూత పెట్టడం, "నీ వాటా పంపింది" అనడం, ఆ పిల్ల ఎగిరి గంతేయడం. ఒకటి తర్వాత ఒకటి కళ్ల ముందు తిరిగాయి. నా బిడ్డకి నా చేత్తో నేనే తినిపించానా?

అక్కడి నుంచి తిన్నగా జూకి పోయి డాక్టరమ్మ గదిలో నిలబడ్డాడు. ఈసారి ముద్ద సంగతి కూడా చెప్పేశాడు. చెప్పి, చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు.

"అటో ఇటో తేల్చండమ్మా. నా వల్లే అంటే నా వల్లే, నెత్తిన వేసుకుంటాను. కాదంటే ఇంటికెళ్లి ఇంత అన్నం తింటాను. మధ్యలో ఉండలేకపోతున్నాను."

డాక్టరమ్మ రాస్తున్న కాగితం పక్కన పెట్టింది.

"అయ్యుండొచ్చు బాబాయ్. కాకపోయుండొచ్చు. ఎప్పుడో చిన్నప్పుడు తిన్నదో, నిన్న తాగిన నీళ్లో, సంతలో కొన్న ఆకుకూరో, ఏమో. అలాంటివి చాలామంది పేగుల్లో ఊరికే ఉంటాయి. మీ ధైర్యం కోసం కాదని చెప్పమంటారా?"

"వద్దు. ఆ తర్వాత మీరు ఏం చెప్పినా నమ్మలేను."

"అయితే వెళ్లి ఆసుపత్రి డాక్టరుకి చెప్పండి. ఆయనకి తెలిసి ఉండటం మంచిది."

చెప్పాడు. వరండాలో డాక్టరు వెనక నడుస్తూ, ఎలుగుబంటి నుంచి క్యారేజీ దాకా తడబడుతూ మొత్తం చెప్పాడు. తిడతాడనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. డాక్టరు ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని, వార్డు వైపు చెయ్యి చూపించాడు.

"మంచిది, రాసుకుంటాను. కానీ ఒకమాట చెప్పనా? ఈ వార్డులో సగం మంచాల దగ్గర ఇదే కథ. వాళ్లలో ఒక్కరింట్లోనూ ఎలుగుబంటి లేదు. మీరు చేతులు కడుక్కుని వెళ్లి ఆ అమ్మాయి పక్కన కూర్చోండి."

ఇంకొకరయితే ఆ మాట పట్టుకుని ఊపిరి పీల్చుకునేవారు. మన ఎలుగు బావ తలకాయ వేరే. సగం మంచాలకి ఎలుగు లేదు సరే, మరి తన కూతురికి ఉందిగా! అందరికీ ఎక్కణ్నుంచో వచ్చింది, దీనికి మాత్రం ఎక్కణ్నుంచి రావాలి? ఆలోచించిన కొద్దీ దారం చిక్కుపడిపోయింది. ఒకోసారి పెద్దమ్మాయి మీద కోపమొచ్చేది. వెంటనే, దానికిచ్చింది తనేనేమో అని సిగ్గేసేది. ఒకోసారి ఎవరి మీదా కోపం లేకపోవడమే భరించలేనట్టుండేది.

వార్డు గుమ్మంలో, లోపలికీ బయటికీ కాకుండా, చేతులు చంకల్లో దోపుకుని నిలబడేవాడు. మధ్యమధ్య పోయి పంపు దగ్గర సబ్బు రుద్దుకునేవాడు. వేళ్ల సందులు పగిలి మండేవి. ఇల్లాలు కూతురి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, ఆయన వైపు కోపంగా చూసేది.

"ఏంటండీ ఆ సబ్బు అరగదియ్యడం? పిల్ల అలా పడుంటే పక్కన కూర్చుని ఒక్కసారైనా తల నిమరరా? రాయా మీ గుండె?"

రాయి అనిపించుకోవడమే నయమనుకున్నాడు. మందు సీసాలోంచి బొట్లు ఒక్కొక్కటే జారుతుంటే, దూరం నుంచే ఆ బొట్ల వైపు చూస్తూ లోపల ఎవరెవరికో మొక్కుకున్నాడు. మిగిలింది ఆ ఒక్క మందు. అది కూడా లొంగదీయలేకపోతే? ఆ ప్రశ్న దాకా వచ్చి ఆయన బుర్ర మొరాయించేది.

ఒక పొద్దున ఆయన జూలో బోను కడిగి, ఇంటికెళ్లి స్నానం చేసి, ఇల్లాలు వండి ఉంచిన క్యారేజీ పట్టుకుని ఆసుపత్రికొచ్చేసరికి, మంచం మీద కూతురు దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది గానీ కళ్లు తేటగా ఉన్నాయి. తల్లి దుప్పటి ఉతకడానికి పంపు దగ్గరికి పోయింది. నర్సు జ్వరం చూసే కర్ర విదిలించి, "దిగింది" అని చెప్పి పక్క మంచానికి వెళ్లింది. బిడ్డ గుండె కూడా బాగానే కొట్టుకుంటోందట. ఆయన గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఆకలేస్తోంది నాన్నా" అంది చిన్నమ్మాయి. ఆ క్యారేజీ వైపు చూసి చిన్నగా నవ్వింది. "పెద్దమ్మాయి ఏమైనా పంపిందా?"

ఎన్నో ఏళ్లుగా వినని మాట. "పంపిందమ్మా" అన్నాడు. ఆయన జన్మలో ఆ పిల్లతో ఆడిన మొదటి అబద్ధం అది. పోయి మళ్లీ ఒకసారి చేతులు కడుక్కొచ్చాడు. గిన్నెలో చెయ్యి పెట్టకుండా చెంచాతో తీసి, మంచానికి దూరంగా నిలబడే చెయ్యి చాచి నోటికందించాడు.

నాలుగుసార్లు నమిలి ఆ పిల్ల ఆగిపోయింది.

"ఇది అది పంపింది కాదు. ఇందులో ఉప్పుంది."

చెంచా గిన్నెలో పడింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. పెంట దగ్గర మొదలుపెట్టి, సీసాలు, ఇద్దరిలో ఒకే రకం, గిన్నె అడుగు ముద్ద, డాక్టరమ్మ చెప్పలేననడం, ఆసుపత్రి డాక్టరు సగం మంచాలనడం, అన్నీ వరస తప్పి చెప్పాడు. "నా వల్లేనో కాదో తెలియదమ్మా. ఎవర్నడిగినా తెలియదంటారు. తెలిసేదాకా నిన్ను ముట్టుకోకూడదనుకున్నాను. తెలిసేది కాదట" అన్నాడు.

కూతురు చాలాసేపు తండ్రి వేళ్ల వైపు, పగిలిన ఆ సందుల వైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాడు. ఆ పిల్ల అడిగింది వేరే.

"మరి దానికి ఎవరు పెడుతున్నారు?"

"గరిటెతో పెడుతున్నా."

"తింటోందా?"

"సగం వదిలేస్తోంది. గరిటె వంక చూడదు. నా చెయ్యి ఏదని వెతుక్కుంటుంది."

"నేనూ అంతే కదా నాన్నా. ఇన్ని రోజులూ జ్వరంలో కళ్లు తెరిచినప్పుడల్లా గుమ్మంలో నువ్వు కనబడేవాడివి, చేతులు కనబడేవి కావు. నా మీద కోపమేమో అనుకున్నాను."

ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు. పక్క మంచం వాళ్లు అటు తిరిగి పడుకున్నట్టు నటించారు.

"కడుక్కున్నావుగా, ఇలా రా" అంది చిన్నమ్మాయి. ఆయన రాకపోతే తనే ముందుకి వంగి, ఆ చెయ్యి పట్టుకుని లాగి తన నుదుటి మీద పెట్టుకుంది. "జ్వరం నిజంగా పోయిందో లేదో చూసి చెప్పు. నర్సు మాట మీద నాకు నమ్మకం లేదు."

అరచేతి కింద కొంచెం వెచ్చగా తగిలింది. అది కూతురి నుదుటిదో, సబ్బుతో రుద్ది రుద్ది మండుతున్న తన చేతిదో ఆయనకి తెలియలేదు. ఎంతసేపు చూసినా తెలియలేదు. చెయ్యి మాత్రం తియ్యలేదు.